గోడలు కలలు కంటాయట... మీకు తెలుసా?

బొమ్మను గోడకు తగిలించి దూరంగా నిలబడి చూడటం మనకు తెలిసిందే. కానీ బొమ్మ లోపలికే నడిచివెళ్లే గదులు ఈ ప్రపంచంలో బోలెడున్నాయి! వాన, పొగమంచు, మట్టి, పిట్టలు, గుండె చప్పుడు, కృత్రిమ మేధ (ఏఐ)... వేటితోనైనా కళ పుట్టించేస్తారు అక్కడ. ఇన్‌స్టలేషన్ కళ అంటే ఇదే. నాకు తెగ నచ్చి ఏరి దాచుకున్న వింతలు ఇవి. పిల్లలూ పెద్దలూ, ఏ చివర నుంచి చదివినా సరే!

● న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం నిద్రపోయి కలగంటే ఎలా ఉంటుంది? ఇస్తాంబుల్‌లో పుట్టి లాస్ ఏంజెలెస్‌లో పనిచేస్తున్న రెఫిక్ అనడోల్ 2022లో ఆ కలను 24 అడుగుల ఎత్తు, 24 అడుగుల వెడల్పు ఉన్న తెర మీద చూపించారు! మ్యూజియం సేకరణకు సంబంధించిన 1,38,151 రికార్డులను ఏఐకి నేర్పిస్తే, అది 200 ఏళ్లకు పైబడిన కళను కలిపి కరిగించి, ఎవరూ ఎన్నడూ గీయని రంగులను అలలు అలలుగా పొంగించింది.

● ఆ తెర బయట వాతావరణాన్ని కూడా పట్టించుకునేది! ఊళ్లో ఎండో వానో, హాల్లో జనం ఎంత అలికిడి చేస్తున్నారో, వెలుతురు ఎంతుందో చూసుకుంటూ బొమ్మ అప్పటికప్పుడు మారిపోయేది కాబట్టి, పొద్దున చూసింది సాయంత్రం కనిపించేది కాదు.

● ఇదే అనడోల్ ఎనిమిదేళ్ల వయసులో ‘బ్లేడ్ రన్నర్’ సినిమా చూశారు, అంతే, జీవితం అటు తిరిగిపోయింది! యంత్రాలకు జ్ఞాపకాలుంటే ఎలా ఉంటుందన్న ప్రశ్న ఆ సినిమాతోనే తనలో నాటుకుందని ఆయన చాలాచోట్ల చెప్పారు.

● జ్ఞాపకానికి ఆకారం ఉంటుందా? 2018లో ఇస్తాంబుల్‌లో ఒక గోడ మీద అది అలల్లా, ఇసుకలా, పొరలు పొరలుగా కదిలింది! చిన్నప్పటి సంగతులను తలచుకుంటున్న మనుషుల మెదడు తరంగాలను ఈఈజీ యంత్రంతో పట్టుకుని వాటినే బొమ్మగా మలిచారు. దగ్గరి బంధువు ఒకరికి అల్జీమర్స్ రావడం చూశాకే అనడోల్‌కు ఈ ఆలోచన పుట్టింది. ఆయన చేసిన వాటిలో కొలతలు చెప్పి గొప్పగా చూపించగలిగినవి ఎన్నో ఉన్నాయి గానీ, నా మనసు మాత్రం దీని దగ్గరే ఆగిపోతుంది.

● సముద్రాన్ని గదిలోకి తెచ్చుకోవచ్చా? టర్కీలోని మర్మరా సముద్రపు అలల కదలికలను రాడార్‌తో అరగంటకొకసారి చొప్పున 30 రోజులు కొలిచి, ఆ లెక్కలతోనే ‘బాస్ఫరస్’ అనే కదిలే బొమ్మను తయారుచేశారు. నీటి చుక్క ఒక్కటీ లేదు, అయినా సముద్రమే!

● ఇప్పుడు మట్టి. న్యూయార్క్‌లో ఒక భవనం మేడ మీద, 3,600 చదరపు అడుగుల గది నిండా 22 అంగుళాల మందాన నల్లటి మట్టి పోసి ఉంచారు! వాల్టర్ డి మరియా 1977లో చేసిన ఈ ‘ఎర్త్ రూమ్’లో ఉన్న మట్టి బరువు 2,80,000 పౌండ్లు, అంటే దాదాపు 127 టన్నులు. దానికి క్రమం తప్పకుండా నీళ్లు చల్లుతారు, దంతెతో చదును చేస్తారు. ఏమీ నాటరు, ఏమీ పండించరు!

● అదే ఊళ్లో వాల్ స్ట్రీట్‌కు రెండు వీధుల అవతల గోధుమ పండింది, నమ్ముతారా? 1982లో ఆగ్నెస్ డెనెస్ అనే కళాకారిణి రెండెకరాల పూడ్చిన నేలలో రాళ్లు రప్పలు ఏరించి, చేత్తో 285 చాళ్లు తీయించి, విత్తనాలు చల్లి, ఆగస్టులో వెయ్యి పౌండ్లకు పైగా గోధుమ కోశారు. ఆ నేల ఖరీదు అప్పట్లోనే 450 కోట్ల డాలర్లు!

● వానలో నడిచినా తడవని గది ఉంది! ‘రెయిన్ రూమ్’లో పైనున్న కెమెరాలు మీరెక్కడున్నారో కనిపెట్టి సరిగ్గా మీ నెత్తి మీద వాన ఆపేస్తాయి, మీ చుట్టూ మాత్రం కుండపోత. 2012లో లండన్‌లో మొదలైంది, 2013లో న్యూయార్క్ వెళితే జనం గంటల తరబడి వరుసలో నిలబడ్డారు. 2018 నుంచి షార్జాలో శాశ్వతంగా కురుస్తోంది. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు దగ్గరే! ఒక్క చిట్కా: పరుగెత్తకూడదు, నెమ్మదిగా నడవాలి. పరుగెత్తితే వానదే గెలుపు!

● లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలో 2003లో సూర్యుడు ఉదయించాడు, 20 లక్షల మందికి పైగా వచ్చి చూశారు! నిజానికి ఒలాఫర్ ఎలియాసన్ చేసింది సగం సూర్యుడినే, దాదాపు 200 పసుపు దీపాలతో. మిగతా సగాన్ని పైకప్పుకు బిగించిన అద్దం పూర్తిచేసింది. పంచదార నీళ్లతో పలుచని పొగమంచు పుట్టించారు. జనం నేల మీద వెల్లకిలా పడుకుని అద్దంలో తమను తాము వెతుక్కున్నారు. ఆ దీపాల కింద పసుపు, నలుపు తప్ప ఇంకే రంగూ కనిపించేది కాదు!

● ఆయనే 2015లో పారిస్ నడిబొడ్డున గ్రీన్‌లాండ్ మంచును కరగబెట్టారు. అప్పటికే విడిపోయి సముద్రంలో తేలుతున్న మంచును 12 గడ్డలుగా తెచ్చి గడియారంలోని అంకెల్లా పేర్చారు. మొత్తం 80 టన్నులు! అప్పుడు అక్కడ వాతావరణ మార్పుల మీద ప్రపంచ దేశాల సదస్సు జరుగుతోంది మరి.

● మంచుతో గ్రామఫోన్ రికార్డు చేస్తే పాడుతుందా? పాడింది! కేటీ పాటర్సన్ ఐస్‌లాండ్‌లోని మూడు హిమానీనదాల చప్పుళ్లు రికార్డు చేసి, వాటి నీటినే గడ్డకట్టించి మూడు రికార్డులుగా అచ్చుపోసి ప్లేయర్ మీద పెట్టారు. పూర్తిగా కరిగేవరకు, దాదాపు రెండు గంటలు తిరిగాయవి. మంచు తన చప్పుడును తానే గుర్తుంచుకుని, తానే వినిపించి, తానే మాయమైపోయింది!

● ఆమె ఒక హిమానీనదానికి ఫోన్ నంబరు కూడా ఇప్పించారు! ఐస్‌లాండ్ సరస్సులో నీటి కింద పనిచేసే మైకు దించి దానికి మొబైల్ తగిలిస్తే, ఎక్కడి నుంచి ఫోన్ చేసినా మంచు కరుగుతున్న చప్పుడు ప్రత్యక్షంగా వినిపించింది.

● 2114 వరకు ఎవరూ చదవలేని పుస్తకాలు ఓస్లోలో ఉన్నాయి. ఇదీ పాటర్సన్ పనే! 2014లో ఆ నగరం పక్కన అడవిలో వెయ్యి స్ప్రూస్ మొక్కలు నాటించారు, ఏడాదికొక రచయిత ఒక రచన ఇస్తారు, వందేళ్ల తర్వాత ఆ చెట్లతో చేసిన కాగితం మీద అన్నీ అచ్చవుతాయి. మొదటి రచన మార్గరెట్ ఆట్‌వుడ్‌ది. 2024లో నోబెల్ అందుకున్న హాన్ కాంగ్ రచన కూడా వాటిలో ఉంది.

● ఒక్క సంగీత మందిరం ఎంత గుర్తుంచుకుంటుంది? 45 టెరాబైట్లు! లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్ నూరేళ్ల పండుగకు 2018లో ఆ సంస్థ దాచుకున్న 5,87,763 చిత్రాలు, 17,773 ఆడియో ఫైళ్లను అనడోల్ ఏఐకి ఇచ్చి, వచ్చిన కలను 42 ప్రొజెక్టర్లతో డిస్నీ కాన్సర్ట్ హాలు ఉక్కు గోడల మీద వేశారు. అందులో సంగీతమే 40,000 గంటలుందట. నిద్రాహారాలు మాని విన్నా నాలుగున్నరేళ్లు దాటుతుంది!

● ఇస్తాంబుల్‌లో 17 లక్షల పత్రాలున్న ఒక గ్రంథాలయ భాండాగారాన్ని 2017లో గుండ్రటి గదిగా మార్చారు. ముట్టుకుంటే వెతికిపెట్టేది. ఎవరూ ముట్టుకోకపోతే? ఒక పత్రానికి ఇంకో పత్రంతో చుట్టరికం కలుపుతూ తనంతట తాను ‘కలలు’ కనేది!

● పాత చర్చిలో 30 కోట్ల ప్రకృతి ఫొటోలు! 2021లో బెర్లిన్‌లో చర్చిని గ్యాలరీగా మార్చిన కాంక్రీటు భవనంలో, అడవులు, పూలు, ఆకాశాలు అన్నీ కలిసి ఏఐ కలగా పొంగాయి. ఆ ఫొటోలను సెకనుకొకటి చొప్పున రాత్రింబవళ్లు చూసినా తొమ్మిదిన్నరేళ్లు పడుతుంది, లెక్కేసి చూసుకోండి!

● ప్రపంచంలోకెల్లా పెద్ద కాన్వాసు గుండ్రంగా ఉందంటే? లాస్ వేగస్‌లోని ‘స్ఫియర్’ ఎత్తు 366 అడుగులు, ఇంచుమించు మన చార్మినార్లు రెండింటిని ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత! దాని పైతొడుగులో 12 లక్షల ఎల్ఈడీ బిళ్లలు, ఒక్కో దానిలో 48 దీపాలు, మొత్తం 5 కోట్ల 76 లక్షలు. 2023లో ఆ పైతొడుగు మీద బొమ్మ వేసిన మొదటి కళాకారుడు అనడోలే. హబుల్ టెలిస్కోపు తీసిన అంతరిక్ష చిత్రాలను ఏఐతో కలగా మార్చి, ఊరంతటికీ చూపించారు.

● పగడపు దిబ్బల ఫొటోలు ఇంచుమించు 10 కోట్లు నేర్చుకున్న ఏఐ, 2023లో దావోస్ మంచుకొండల మధ్య సముద్రగర్భాన్ని పూయించింది! వేడెక్కుతున్న సముద్రాల్లో పగడాలు తెల్లబారిపోతున్నాయని ప్రపంచ నేతలకు చెప్పడానికే ఆ ఏర్పాటు.

● బ్రెజిల్‌లోని ఆక్రే అడవుల్లో ఉండే యావనావా జనం, ఏఐ కలిసి వెయ్యి బొమ్మలు చేశారు! అక్కడి యువ చిత్రకారుల గీతలను, వాళ్ల ఊరి వాతావరణ వివరాలను అల్లి చేసిన వాటిని అమ్మితే వచ్చిన డబ్బు ఆ జనానికే వెళ్లింది.

● అంతరించిపోయిన పువ్వు వాసన పీల్చగలరా? ఇది నా పెట్టెలో అన్నిటికంటే విలువైన వింత! హవాయిలోని మావీ దీవిలో మందారానికి బంధువైన ఒక చెట్టు 1912 నాటికి పూర్తిగా కనుమరుగైంది. ఎండబెట్టి అతికించిన దాని నమూనా హార్వర్డ్‌లో మిగిలింది. అందులోంచి డీఎన్ఏ తీసి, వాసన పుట్టించే జన్యువులను మళ్లీ కూర్చి, ఈస్టులో పెట్టి పరీక్షిస్తే ఏయే పరిమళాలు ఉండి ఉంటాయో తెలిసింది. అలెగ్జాండ్రా డైసీ గిన్స్‌బర్గ్, క్రిస్టినా అగపాకిస్, వాసనల కళాకారిణి సిసెల్ టోలాస్ కలిసి 2019లో ఒక గాజుగదిలో రాళ్లు పేర్చి ఆ పరిమళాన్ని వదిలారు. ఇప్పుడు బతికున్న వాళ్లెవరూ పీల్చని వాసన! పాళ్లు మాత్రం ఎవరికీ తెలియవు, అందుకే ఒకటి కాదు, అనేక రకాలుగా కలిపి పెట్టారు.

● గిన్స్‌బర్గే ఒక గోడ నిండా నిలువెత్తు ఖడ్గమృగాన్ని కూడా నిలబెట్టారు! ఉత్తర జాతి తెల్ల ఖడ్గమృగాల్లో చివరి మగది సూడాన్ 2018లో చనిపోయింది, మిగిలినవి రెండు ఆడవే. తెర మీది ఖడ్గమృగం మొదట ముక్కలు ముక్కలుగా, గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. గదిని అలవాటు చేసుకునే కొద్దీ చర్మం ముడతలతో సహా నిజమైపోతుంది, తర్వాత మాయం!

● తెల్లవారుజామున కూసే పిట్టల్లో ఏది నిజం, ఏది యంత్రం? 2019లో ఆమె చేసిన ఇంకో గదిలో నిజమైన పక్షి ఒకటి పలికితే ఏఐ పక్షి బదులిస్తుంది. మొదట్లో తేడా తెలిసిపోతుంది. కాసేపటికి? చెప్పడం కష్టం! పట్టణాల వెలుగులు, రొదల మధ్య నిజం పిట్టలు తగ్గిపోతున్నాయన్న దిగులే దీని వెనక ఉంది.

● మనుషుల కోసం కాక తేనెటీగల కోసం తోట గీసే ప్రోగ్రాం ఉందంటే నవ్వొస్తుందా? ఇంగ్లండ్‌లోని ఈడెన్ ప్రాజెక్టులో 55 మీటర్ల పొడవైన తోటను గిన్స్‌బర్గ్ ప్రోగ్రాం గీసింది. మన కళ్లకు అందంగా ఉండటం దానికి అక్కర్లేదు, ఎక్కువ రకాల పురుగులకు ఆకలి తీరాలి, అంతే!

● బిట్‌కాయిన్ ధర పెరిగితే పూలకు చారలొస్తాయి! ఆనా రిడ్లర్ 10,000 తులిప్ పూలను ఫొటోలు తీసి, ఒక్కోదాని కింద చేత్తో వివరాలు రాసి ఏఐకి నేర్పారు. తర్వాత తెర మీద పూసే తులిప్‌ల చారలను బిట్‌కాయిన్ ధరకు ముడిపెట్టారు. 1630లలో హాలండ్ జనం చారల తులిప్ గడ్డల కోసం ఆస్తులు పెట్టారు మరి. ఆ చారలు తెచ్చింది ఏమిటో తెలుసా? ఒక వైరస్ తెగులు!

● బల్ల మీద తుడుపుగుడ్డ కదిపితే తెర మీద సముద్రం పోటెత్తుతుంది! మెమో అక్టెన్ తయారుచేసిన ఏఐకి అలలు, పూలు, మబ్బుల వంటివి తప్ప మరేమీ తెలియదు కాబట్టి, తాళంచెవులు చూపినా, వైర్లు చూపినా వాటిలో అవే చూస్తుంది.

● మారియో క్లింగెమాన్ చేసిన చెక్కపెట్టె ఎప్పుడూ పుట్టని మనుషుల ముఖాలు గీస్తూనే ఉంటుంది, ఆగదు! 17 నుంచి 19వ శతాబ్దాల చిత్తరువులు చూసి నేర్చుకున్న ఆ ఏఐ 2019లో లండన్ వేలంలో 40,000 పౌండ్లు పలికింది.

● ఏఐ బొమ్మలు నిన్నగాక మొన్న వచ్చాయనుకుంటున్నారా? హెరాల్డ్ కోహెన్ 1970ల మొదట్లోనే ‘ఆరన్’ అనే ప్రోగ్రాంతో బొమ్మలు గీయించడం మొదలుపెట్టారు, 2016లో కన్నుమూసేదాకా దానికి నేర్పుతూనే ఉన్నారు. దానికి ఒక్క ఫొటో చూపించలేదు, అన్నీ సూత్రాలే!

● మన దేశం సంగతి? ఢిల్లీలోని నేచర్ మోర్ట్ గ్యాలరీ 2018లోనే అచ్చంగా ఏఐ కళతో ప్రదర్శన పెట్టింది! రిడ్లర్, అక్టెన్, క్లింగెమాన్‌లతో పాటు మన హర్షిత్ అగ్రవాల్ పనులు కూడా అందులో ఉన్నాయి.

● నిజం మొక్కను నిమిరితే తెర మీద మొక్క మొలుస్తుంది! 1992లోనే క్రిస్టా సోమరర్, లోరాన్ మిన్యోనో కుండీల్లోని మొక్కలకు సెన్సర్లు తగిలించి ఈ ముచ్చట తీర్చారు.

● డెబ్భై పిట్టలు పధ్నాలుగు ఎలక్ట్రిక్ గిటార్లు వాయించాయి! 2014లో అమెరికాలోని పీబాడీ ఎసెక్స్ మ్యూజియంలో జీబ్రా ఫించ్ అనే చిట్టి పిట్టలను వదిలి, వాలడానికి గిటార్లు పెట్టారు ఫ్రెంచి కళాకారుడు సెలెస్ట్ బూర్సియే-మూజెనో. అవి వాలినప్పుడల్లా, గెంతినప్పుడల్లా సంగీతమే.

● 5,000 గంటల అడవి చప్పుళ్లు, దాదాపు 15,000 జీవజాతుల గొంతులు, అన్నీ ఒక్క మనిషి దగ్గర! బెర్నీ క్రాస్ దశాబ్దాల పాటు రికార్డు చేసిన ఈ గొంతులతో 2016లో పారిస్‌లో చీకటి గదిని నింపారు. ఆయన రికార్డు చేసిన చోట్లలో సగానికి పైగా ఇప్పుడు మూగబోయాయి. 2017 కార్చిచ్చులో ఆయన ఇల్లు కాలిపోయింది, కానీ నకళ్లు వేరేచోట ఉండటంతో ఆ గొంతులు బతికాయి!

● జపాన్‌లోని తెషిమా దీవిలో మీ గుండె చప్పుడును దాచిపెట్టుకోవచ్చు! క్రిస్టియన్ బోల్తాన్‌స్కీ 2008 నుంచి దేశదేశాల జనం గుండె చప్పుళ్లు సేకరించి, 2010లో సముద్రం ఒడ్డున వాటికో ఇల్లు కట్టారు. లబ్‌డబ్ అన్నప్పుడల్లా చీకట్లో ఒక బల్బు వెలిగి ఆరుతుంది.

● అదే బల్బు ముచ్చట మెక్సికోలోనూ! రఫాయెల్ లొసానో-హెమర్ 2006లో చేసిన గదిలో పిడి పట్టుకుంటే ఒక బల్బు మీ గుండెతో పాటు కొట్టుకుంటుంది. ఇంకొకరు పట్టుకోగానే మీ చప్పుడు పక్క బల్బుకు జరుగుతుంది, అలా గది నిండా ముందొచ్చిన వాళ్ల గుండెలే!

● అదే తెషిమాలో ఒక్క స్తంభమూ లేని మ్యూజియం ఉంది! మట్టి దిబ్బ పోసి, దాని మీద కాంక్రీటు పరిచి, గట్టిపడ్డాక లోపలి మట్టిని తోడేశారు. లోపల బొమ్మల్లేవు, నేలలోంచి ఊరే నీటి బొట్లు మాత్రమే పరుగులు తీస్తుంటాయి. అది రెయి నైతో కళ.

● నాన్న మంచు చేస్తే కూతురు పొగమంచు చేసింది! ఉకిచిరో నకయా 1936లో ప్రయోగశాలలో తొలిసారి మంచు స్ఫటికం పెంచిన శాస్త్రవేత్త. కూతురు ఫుజికో నకయా 1970 ఒసాకా ఎక్స్‌పోలో ఒక భవనాన్నే నిజమైన నీటి పొగమంచుతో కప్పేశారు.

● అద్దాల గదిలో మీకు దొరికేది కొద్ది సెకన్లే! లాస్ ఏంజెలెస్ ‘ది బ్రాడ్’ మ్యూజియంలో యాయోయి కుసామా దీపాల గదిలోకి లెక్కపెట్టి పంపిస్తారు. ఆమె తొలి అద్దాల గది 1965 నాటిది!

● టోక్యోలోని టీమ్‌ల్యాబ్ బోర్డర్‌లెస్‌కు 2019 ఒక్క ఏడాదిలో 21,98,284 మంది వచ్చారు, ఒకే కళాబృందపు మ్యూజియాల్లో ఎక్కువమంది చూసినదిగా గిన్నిస్ రికార్డు! అప్పట్లో 520 కంప్యూటర్లు, 470 ప్రొజెక్టర్లు అక్కడికక్కడే పూయించిన పూలవి. కదలకుండా నిలబడితే మీ చుట్టూ పూస్తాయి, తాకితే రాలిపోతాయి. ఇంకో చోట, టీమ్‌ల్యాబ్ ప్లానెట్స్‌లో, చెప్పులు విప్పి నీళ్లలో నడవాలి. కాళ్లకు తగిలిన కాంతి చేపలు పువ్వులైపోతాయి. అక్కడే 13,000కు పైగా నిజమైన ఆర్కిడ్లు గాల్లో వేలాడుతూ, మీరు దగ్గరకొస్తే పైకి లేచి దారిస్తాయి!

● దోమ కళ్లతో అడవిని చూస్తారా? 2015లో ఇంగ్లండ్ గ్రైజ్‌డేల్ అడవిలో నాచు కప్పిన గుండ్రటి టోపీ నెత్తిన బోర్లించుకుంటే చాలు, వరసగా దోమ, తూనీగ, కప్ప, గుడ్లగూబ అయిపోయేవాళ్లు!

● జర్మనీలోని కాసెల్ నగరంలో 7,000 చెట్లు, 7,000 రాళ్లు కలిసి ఒకే బొమ్మ! జోసెఫ్ బాయ్స్ 1982లో మొదటి ఓక్ నాటారు, 1986లో కన్నుమూశారు, 1987లో చివరి మొక్కను కొడుకు నాటారు. రాయి అలాగే ఉంది, పక్కన చెట్టు మాత్రం ఏటా పెరుగుతోంది.

● మాటలు తినే సింహం గురించి విన్నారా? 2018 సెప్టెంబరులో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నాలుగు కంచు సింహాల పక్కన ఎస్ డెవ్లిన్ ఎర్రగా మెరిసే ఐదో సింహాన్ని నిలబెట్టారు! జనం ఒక్కొక్కరు ఒక్కో మాట తినిపిస్తే, 19వ శతాబ్దపు కవిత్వం చదువుకున్న ఏఐ వాటిని కవితగా అల్లి దాని నోట్లో మెరిపించేది. రాత్రయితే అవే పంక్తులు నెల్సన్ స్తంభం మీదికి పాకేవి. మీరైతే ఆ సింహానికి ఏ తెలుగు మాట తినిపిస్తారు? ఒక్కటే, ఆలోచించుకోండి!